ఆరో కోతి

"తెలుగు పాఠాలు చెప్పుకునే మీకు చైనా కత్తిసాము నవలలు దేనికండీ?" అని మా ఆవిడ అడగనే అడిగింది. సీరియల్ రుచి మరిగినవాడికి దేశమేమిటి! జిన్ యోంగ్ అనే హాంకాంగ్ రచయిత 1967 నుంచి 1969 దాకా తన పత్రిక మింగ్ పావ్‌లో సీరియల్‌గా రాసిన "ది స్మైలింగ్, ప్రౌడ్ వాండరర్" ఇంగ్లీషులో దొరికింది. వేసవి సెలవులు దానికే చెల్లిపోయాయి.

కథానాయకుడు లింగ్హు ఛోంగ్. హ్వాషాన్ కొండమీది గురుకులంలో పెద్ద శిష్యుడు. తాగుతాడు, చమత్కారంగా మాట్లాడతాడు, ప్రాణమైనా ఇస్తాడు. చదివేవాళ్ళ కళ్ళన్నీ అతనిమీదే. అతని సతీర్థ్యుల్లో ఆరోవాడు లు దాయో. భుజంమీద ఓ కోతిపిల్ల, మనిషీ ఇంచుమించు అలాగే వుంటాడు. అందుకే "ఆరో కోతి" అని పేరు పెట్టారు. గురువు శిక్షవేసి లింగ్హుని ఏడాదిపాటు కొండకొమ్మున వుండమంటే, పైకి అన్నం మోసినవాళ్ళలో వీడొకడు. గురువుగారమ్మాయి కొత్తగా వచ్చిన కుర్రాడితో సాముచేస్తూ ఇటు రావడం మానేసిందని తెలిసీ, పెద్దన్నతో ఆ మాట చెప్పలేక నీళ్ళు నమిలినవాడూ వీడే.

తరవాత లింగ్హు మంచానపడ్డాడు. దాయోని తోడుంచి గురువు తక్కినవాళ్ళతో కొండ దిగాడు. గురువుగారమ్మాయి తండ్రి రహస్యగ్రంథం దొంగిలించి తెచ్చి ఇచ్చింది. అందులోని సాధన చేస్తే బతుకుతాడు. గురువు అనుమతి లేనిదే ముట్టనన్నాడు లింగ్హు. అప్పుడు దాయో ఆ పుస్తకం విప్పి తనే పైకి చదవడం మొదలుపెట్టాడు. చెవినయినా పడుతుందని ఆశ. వద్దంటే వినడు! లింగ్హు అతని రొమ్ముమీద మర్మస్థానంలో వేలితో పొడిచి, కదలకుండా చేసి, బయటికి వెళ్ళిపోయాడు. తరవాత చూస్తే దాయో శవం, పుస్తకం మాయం.

అనుమానం లింగ్హుమీద పడింది. కథ పరుగెత్తింది, నేనూ దానివెంట పరుగెత్తాను. పోయినవాడికోసం ఒక్క నిమిషం ఆగలేదు.

చంపినవాడు రెండో శిష్యుడే, శత్రువుల గూఢచారి. ఆఖరి పుటల్లో నాయిక వాణ్ణి రెండు కోతులతో కలిపి గొలుసులు వేయించింది. కోతులెందుకా అని నవ్వబోయి ఆగిపోయాను. ఎన్నో వందల పుటల వెనక పోయినవాణ్ణి రచయిత మరవలేదు. మరిచింది నేను.

నేను ఎమ్మే పరీక్షలకి ముందు టైఫాయిడ్‌తో పడుకుంటే, హైస్కూల్లో చదువుతున్న మా తమ్ముడు మంచం పక్కన చేరి నా నోట్సు చదివేవాడు. ఛందస్సు లక్షణాలన్నీ తప్పుల తడక. "అవతలికి పోరా వెధవా!" అని కసిరాను. పోయాడు. గడప అవతల కూచుని, నాకు వినబడాలని ఇంకాస్త గట్టిగా చదివాడు. పరీక్ష ప్యాసయ్యాను. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ వాడి దగ్గర ఎత్తలేదు.

నిన్న రాత్రి ఫోను చేశాను.

"ఏం అన్నయ్యా, ఇంత రాత్రివేళ? వొంట్లో బాగానే వుందా? వదిన కులాసానా?" అని కంగారుపడ్డాడు.

చాలా చెబుదామనుకున్నాను.

"ఏం లేదురా. అన్నం తిన్నావా?" అన్నాను.