ఆ నూతి నీళ్లే తాగాం

చదువుకునే రోజుల్లో ఉద్దానంలో నీళ్ల సీసాలు పట్టుకుని తిరిగేవాణ్ణి. సెలవు దినాల్లో ఒక పరిశోధన బృందానికి నమూనాలు తీసి ఇవ్వడం నా పని. సీసాకి ఇంతని డబ్బులు, బండికి పెట్రోలు ఇచ్చేవారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో నాకు చోట్లు అప్పగించారు. ఊరి నూతులు, బోరింగులు, మహేంద్రతనయ రేవులు, సోంపేట బీల అంచులు. అక్కడ ఇన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకుందో తేల్చడానికి ఆ నీళ్లు పరీక్షించేవారు.

బోరింగు కాసేపు కొట్టి, గొట్టంలో నిలవున్న నీళ్లు పోనివ్వాలి. సీసాని ఆ నీళ్లతోనే కడిగి నింపాలి. లోహాలు చూసే సీసాలో నత్రికామ్లం చుక్కలు వెయ్యాలి. లేకపోతే లోహం సీసా గోడకి పట్టుకుని లెక్క తప్పుతుంది. క్రిములు చూసే సీసాలు ఐసు పెట్టెలో సర్ది, ఒక రోజు దాటకుండా ల్యాబుకి చేర్చాలి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్నవాటి మొత్తం, అక్కడికక్కడే మీటరుతో చూసి రాసుకోవాలి.

లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచినీళ్లేనని ప్రమాణం. నేను చూసిన చాలా నూతులు ఆ లోపే ఉండేవి. అంకె చూసి ఇంటివాళ్లు సంతోషపడితే నాకు ఇబ్బందిగా ఉండేది. ఆ మీటరుకి సీసం తెలీదు, సిలికా తెలీదు, పురుగుమందు తెలీదు. "ఏటి బావూ, పోయినసారి అట్టుకెళ్లిన నీల్లల్లో ఏటుందంట?" అని ముసలివాళ్లు అడిగేవారు. ఫలితాలు నా చేతికొచ్చేవి కావు. ఆ ప్రశ్న కన్నా ఇసుక దారిలో బండి తొయ్యడమే నయమనిపించేది.

మా అప్పది కవిటి మండలంలో ఒక ఊరు. బావ కొబ్బరి చెట్లెక్కేవాడు. ఒంట్లో వాపు లేదు, నొప్పి లేదు. పరీక్ష చేయించేసరికే క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది. అప్పట్నుంచీ వారానికి రెండుసార్లు డయాలసిస్. తాగే నీళ్లకి కొలత. వాళ్ల పెరట్లో నుయ్యి నా జాబితాలోనే ఉండేది.

2018 అక్టోబరు 10, దేవీ నవరాత్రుల మొదటి రోజు. తిత్లీ తుపాను వస్తోందన్నారు. వానకి ముందరి నీళ్ల నమూనా కావాలని బృందంవాళ్లు అడిగితే వెళ్లి, తీసుకుని, చీకటి పడ్డాక అప్ప ఇంట్లో ఆగిపోయాను. తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. రేకులు లేచిపోయాయి. చెట్లు విరిగిన చప్పుడు ఒకదాని మీద ఒకటి. పిల్లల్నీ బావనీ మంచం కిందికి తోసి, అప్పా నేనూ తలుపుకి వీపులానించి కూర్చున్నాం.

తెల్లారేసరికి వీధి కనిపించలేదు. పనస చెట్టు గుమ్మానికి అడ్డంగా పడింది. జీడితోట వేళ్లతో సహా లేచింది. కరెంటు స్తంభాలు నేల మీదున్నాయి. కరెంటు లేక రెండు రూపాయలకి ఇరవై లీటర్లిచ్చే ఆర్వో ప్లాంటు ఆగింది. ఊరంతటికీ చేదతో తోడుకునే నూతులే దిక్కయ్యాయి.

అప్ప వాళ్ల నూతిలో ఆకులు కుళ్లి నీళ్లు ఎర్రబడ్డాయి. అప్ప గుడ్డతో వడకట్టి, తడి కట్టెల పొగలో కళ్లు నులుముకుంటూ కాచింది. కాస్తే క్రిములు చస్తాయి. లోహమేదైనా ఉంటే అది పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. నాకా సంగతి తెలుసు, చెప్పలేదు. ఇన్నాళ్లూ అనుమానంతో సీసాల్లో పట్టిన నీళ్లే అందరితో పాటు నేనూ తాగాను. ఐసు కరిగి నమూనాలు పనికిరాకుండా పోయాయి. నా దగ్గరున్న కొత్త సీసాల్లో అప్ప కాచిన నీళ్లు పోసి బావకి కొలత పెట్టింది.

నేల నిండా కొబ్బరి బొండాలు. ఊరంతా అవే కొట్టుకు తాగారు. బావ మాత్రం ముట్టుకోకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పని చెయ్యనివాడి ఒంట్లో అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. తను ఎక్కి దింపిన చెట్ల కాయలు గుమ్మం ముందు పడి ఉంటే బావ నాలుకతో పెదాలు తడుపుకుంటూ చూశాడు. "ఒక్క గుక్కేనే" అన్నాడు. అప్ప బొండాలన్నీ ఏరి పెరటి వెనక పారేసింది.

డయాలసిస్ రోజు దాటిపోయింది. బావకి ఆయాసం మొదలైంది, పడుకోలేకపోయాడు. ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని ముందు నడిచారు. నలుగురం బావని మంచం మీద మోశాం. పడిన చెట్టు దగ్గర దించడం, కొమ్మలు నరకడం, మళ్లీ ఎత్తడం. పెద్దరోడ్డు మీద ట్రాక్టరు దొరికింది. డయాలసిస్ కేంద్రంలో జనరేటరు మీద మిషన్లు నడుపుతున్నారు. వరసలో ఉన్నవాళ్లందరికీ అందాలని తలా కాసేపే ఎక్కించారు. ఆ కాసేపే బావని నిలబెట్టింది. తర్వాత ఇంకొన్నేళ్లు బతికాడు.

జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కదాన్ని తేల్చలేదు. సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో దాహంతో చేసే కూలిపని, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానముంది. శ్రీలంక వరి రైతుల్నీ, నికరాగ్వా చెరకు కూలీల్నీ ఇలాంటి జబ్బే పీడిస్తోంది. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రినీ ప్రారంభించారు. కారణం తేలేదాకా ఆగకుండా నీళ్లు మార్చడం సరైన పనే.

కానీ ట్యాంకుల్లోకి నీళ్లెక్కాలంటే మోటార్లు తిరగాలి. మాకు తుపాన్లు కొత్త కాదు. హెచ్చరిక రాగానే ఊరికొక జనరేటరు సిద్ధం చెయ్యాలి. డయాలసిస్ వాళ్లని ముందురోజే కేంద్రమున్న ఊరికి చేర్చాలి. నమూనా తీసినవాళ్లు ఆ ఇంటికి ఫలితం రాసిన కాగితం ఇవ్వాలి. మా అప్ప నూతి నీళ్లలో ఏముందో ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.