జేబులోని బంగారం

మా పెద్దవారు పొలానికి బయలుదేరితే నడుముకు ఒక గుడ్డసంచి తప్పక ఉండేది. అందులో నాలుగు తమలపాకులు, వక్కలు, సున్నపుకాయ, అడకత్తెర, ఒక చిన్న చాకు. నల్లమలలో చెంచుల దగ్గరైతే నిప్పు పుట్టించడానికి చెకుముకి రాయి, ఇనుప ముక్క ఉండేవి. వీటిలో ఒక్కటీ అలంకారానికి కాదు. వక్క కత్తిరించాలి, తాడు కోయాలి, పొయ్యి రాజుకోవాలి, అంతే.

అయితే కలిగినవారి ఇంటికి వెళ్లేసరికి ఇవే వస్తువులు వేరే వేషం కట్టేవి. అడకత్తెర పిడి నెమలిగా, చిలకగా, గుర్రంగా మారేది. ఇత్తడితో పోతపోసి, వెండి పొదిగి చేసేవారు. పూణే పట్టణంలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో అటువంటి అడకత్తెరలు ఎన్నో భద్రపరచారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాను రాణిదని చెప్పే పండ్లు కోసుకొనే చాకు ఉన్నది. జేడ్ అనే విలువైన రాతితో చేసి రత్నాలు పొదిగినది. తాటాకుల మీద వ్రాసే గంటాలలో కూడా పిడికి చెక్కడపు పని చేసినవి, పక్కనే ఆకులు కోసుకొనే చాకు అమర్చినవి ఉండేవి. ఎంత అలంకరించినా ఒక్క సంగతి మాత్రం మారలేదు. వక్కను తెంచినది ఇనుప అంచే గాని, దాని మీది నెమలి కాదు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. కలం సంగతి చూడండి. రాజమండ్రిలో కె.వి. రత్నంగారు గాంధీజీ ప్రోత్సాహంతో స్వదేశీ కలాలు చేయడానికి పూనుకున్నారు. ఆయన పంపిన కలం అందుకొని, 1935 జూలైలో వార్ధా నుండి గాంధీజీ మెచ్చుకొంటూ ఉత్తరం వ్రాశారు. ఆ కలం ఒక తెలుగువాడి చేతిపని. అది చక్కగా వ్రాసింది, మన దేశంలోనే తయారయింది. ఆనాడు దాని గొప్పతనమంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది.

సుమారు డెబ్బది నాలుగేండ్లు గడిచాయి. 2009లో, గాంధీ జయంతి సమయానికి, మోబ్లా అనే ఐరోపా కంపెనీ అదే గాంధీజీ పేరున ఒక కలం విడుదల చేసింది. పాళీ బంగారం. నూలు వడికిన గుర్తుగా కలం చుట్టూ బంగారు దారం. దండికి నడిచిన 241 మైళ్లకు గుర్తుగా 241 కలాలే చేశారు. ఒక్కొక్కటి పదకొండు లక్షల రూపాయలకు పైమాటే! కొల్లాయి కట్టిన మనిషి పేరు ఇలా అమ్మడం తగదని కేరళలో కొందరు కోర్టుకు వెళ్లారు. 2010లో మన దేశంలో దాని అమ్మకం ఆగిపోయింది.

గాంధీజీ పెన్సిలు గురించి కాకా కాలేల్కర్ గారు చెప్పిన సంగతి మాకు ఎంతో ఇష్టం. ఒకసారి గాంధీజీ వ్రేలెడంత పెన్సిలు ముక్క కొరకు బల్లంతా వెదుకుతున్నారట. కాలేల్కర్ గారు తన పెన్సిలు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఆ ముక్క మద్రాసులో నటేశన్ గారి చిన్న కుమారుడు ప్రేమతో ఇచ్చినదట. దాన్ని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆ పెన్సిలు ముక్క వెల ఎంత? ఆ బంగారు కలం వెల ఎంత? ఆయన మనస్సులో ఏది బరువైనదో మనం ఆలోచించవచ్చు.

మన ప్రాంతం వారికి ఈ సంగతి మరింత దగ్గర. ఎందుకంటే మన నేలలోనే వ్రాత సామాను పుడుతుంది. మార్కాపురం పలక తెలియని తెలుగు బడి ఒకప్పుడు ఉండేది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు మన కంభం పేరే పెట్టారు. గనిలో రాయి తీసి, ఉలితో పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. దాని అలంకారమల్లా చట్రానికి గుచ్చిన రంగు పూసలే. అవి కూడా లెక్కలు నేర్చుకోవడానికే! ఆ పనిలో చిన్నపిల్లల చేతులు కూడా నలిగాయని మనం మరచిపోకూడదు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ వ్యాపారం తగ్గింది. ఇప్పుడు మన రాయి రంగురంగుల బిళ్లలుగా పెద్ద ఇండ్ల గోడలకు, విదేశాలకు కూడా వెళుతున్నది.

పంతొమ్మిదవ శతాబ్దం చివర కంభం, మార్కాపురం ప్రాంతాలలో మిషను బడులు వచ్చినప్పుడు, అక్షరానికి దూరంగా ఉంచబడిన ఇండ్ల పిల్లలు పలక పట్టుకున్నారు. వేలిముద్ర వేసిన తండ్రికి, చొక్కా జేబులో కలం పెట్టుకున్న కుమారుడు కనబడితే ఆ సంతోషం ఎంతటిదో మా ఇండ్లలో విన్నాము. ఆ కలానికి బంగారం లేకున్నా అది మెరిసింది. కనుక మంచి కలం కోరుకొనే పేదవానిని చూచి నవ్వే హక్కు ఎవరికీ లేదని మా అభిప్రాయం.

ఈ మధ్య మా సంఘంలో ఈ విషయమే పెద్ద చర్చకు వచ్చింది. ఊరి బడిలో చాలా కాలం చెప్పిన సారు పదవీ విరమణ చేశారు. యౌవనస్థులు విదేశీ కంపెనీ వారి బంగారు పూత కలం బహూకరించాలని, ఇంటికి మూడు వందలు వేసుకోవాలని తీర్మానించుకొని వచ్చారు. ఆ సమయానికి మా వీధిలో సగం ఇండ్లవారు హైదరాబాదుకు పనులకు వెళ్లి ఉన్నారు. ఇంటి దగ్గర ముసలివారు, పిల్లలు మిగిలారు. “ఆ డబ్బుతో బీద పిల్లలకు పుస్తకాలు కొనవచ్చు గదా” అన్నారు ఒకరు.

అప్పుడు వెనుక కూర్చున్న ఒక అవ్వ లేచింది. “సారు చేతిలో ఎప్పుడూ సుద్దముక్కే చూచినాము నాయనా. ఒక్కసారి మంచి వస్తువు పెడితే తప్పా?” అని అడిగింది.

అందరూ మౌనంగా ఉన్నారు. అవ్వ మాటలో న్యాయమున్నది. బేతనియలో విలువైన అత్తరు పోసినప్పుడు, దాన్ని అమ్మి బీదలకు ఇవ్వవచ్చునని సణిగినది ఎవరో మనకు తెలుసు. ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలుకు నేర్పు ఇచ్చినది దేవుడే గనుక అందమైన పని పాపం కాదు. అయితే మేము ఒక మాట చెప్పాము. ఆ స్త్రీ తన అత్తరు తానే తెచ్చింది. ఇంటింటికీ తిరిగి పంపకం వేయలేదు. ఇవ్వలేని విధవరాలిని జాబితాలో వ్రాసి కొన్న బంగారం, పుచ్చుకొనేవారి జేబులో కూడా బరువుగానే ఉంటుంది.

“అయితే ఏం చేద్దాం పెదనాయనా?” అని పిల్లలు అడిగారు. జాబితా మానుకొని, ఆదివారం ఒక పెట్టె ఉంచుదాము, ఎవరి ఇష్టం వారిది అన్నాము. పెట్టెలో బంగారు కలానికి సరిపోయేంత రాలేదు. రాజమండ్రిలో చదువుకొంటున్న అబ్బాయి చేత చేతిపనివారు తయారుచేసిన నల్లని కలం తెప్పించాము. మూతకు సన్నని వెండి కట్టు వేయించి, దాని మీద సారు పేరు చెక్కించాము. సన్మానం నాడు ఫొటోలో అది మెరవలేదని ఇద్దరు ముగ్గురు చిన్నబుచ్చుకొన్నారు.

సారు దాన్ని బీరువాలో పెట్టలేదు. పింఛను అర్జీలు, బ్యాంకు కాగితాలు వ్రాయించుకోవడానికి వచ్చేవారికి ఆ కలంతోనే వ్రాస్తున్నారు. వెండి కట్టు మీద అప్పుడే గీతలు పడ్డాయి.

ప్రియమైన చదువరులారా, ఇప్పుడు మన జేబులోని పనిముట్టు చాలావరకు ఫోనే. దానికీ బంగారు రంగు తొడుగులు, రాళ్లు పొదిగిన గొలుసులు వచ్చాయి. నిశ్చితార్థపు పళ్లెంలో కలం, గడియారం, ఫోను ఏ కంపెనీవో ముందే జాబితా వ్రాసి పంపేవారున్నారు. మీ ఇంటికి అటువంటి జాబితా వస్తే, లేక మీరే వ్రాయవలసి వస్తే, మూడు ప్రశ్నలు అడగండి. ఈ వస్తువు పని చేస్తుందా, పెట్టెలో కూర్చుంటుందా? దీని వెల ఎవరి కూలి నుండి వస్తున్నది? గీత పడితే దీని విలువ పోతుందా, పెరుగుతుందా?

మూడవ ప్రశ్న మా ఇంటి పిల్లలను అడిగాము. చిన్నది ఆలోచించి, “సారు కలానికైతే పెరుగుతుంది” అన్నది.