బరువా? జబ్బా?

కరెంటు పోగానే మనం తిట్టుకునేది లైన్‌మన్‌ని. పెద్ద పెద్ద టవర్ల మీద వెళ్ళే లైన్లని తెంపేది మాత్రం మనిషి కాదుట, సబ్‌స్టేషన్లో బీరువాలాంటి పెట్టెలో కూచున్న డిస్టెన్స్ రిలే అనే కాపలాదారుట. ఈ సంగతి చెప్పినవాడు మా ఆడపడుచు కొడుకు, కరెంటు ఇంజనీరు.

"అది లైను వెంట నడిచి చూడదత్తయ్యా! కూచున్నచోటే వోల్టేజీని కరెంటుతో భాగిస్తుంది" అన్నాడు. తీగ పొడుగయ్యేకొద్దీ ఆటంకం పెరుగుతుంది గనక, జవాబు చిన్నదైతే తప్పు దగ్గర్లో, పెద్దదైతే దూరంలో జరిగినట్టు లెక్క. తన లైన్లో సుమారు 80 శాతం మొదటి మండలం. అక్కడ పిడుగు పడినా, కొమ్మ తగిలినా ఆలోచించకుండా తెంపేస్తుంది. మిగిలిన ముక్కా, అవతలి లైను కొంతా రెండో మండలం. అక్కడైతే కాస్త ఆగి చూస్తుంది. మూడోది ఇరుగుపొరుగు లైన్లు. వాళ్ళ కాపలాదారు నిద్రపోతే, ఇంచుమించు ఒక సెకను చూసి ఇదే తెంపేస్తుంది. ఇలాంటి మూడో మండలం వాళ్ళు మన వీధుల్లోనూ ఉన్నారు గానీ, వాళ్ళు ఆ సెకనైనా ఆగరు.

2012 జూలై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకి మధ్యప్రదేశ్‌లో బీనా నుంచి గ్వాలియర్ వెళ్ళే 400 కిలోవోల్టుల లైనుని తెంపింది ఈ మూడో మండలమే. దాని జంట లైనుని ఇంకా పెద్దది చెయ్యడానికి ఆపి ఉంచారు. ఇద్దరి మోతా ఒక్కటే మోస్తోంది. కరెంటు ఎక్కువ, వోల్టేజీ తక్కువ. భాగిస్తే జవాబు చిన్నదైంది. ఎక్కడో తప్పు జరిగిందని రిలే తీర్మానించేసింది. ఉత్తరాది గ్రిడ్ కూలిపోయింది. విచారణ చేసిన కమిటీ చివరికి తేల్చిందేమిటయ్యా అంటే, అసలు తప్పే జరగలేదని! మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ అదే లైను, అదే మండలం. ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కూలాయి. సుమారు 60 కోట్లమంది ఉండే ప్రాంతం. రైళ్ళు పట్టాల మీదే నిలిచాయి. బెంగాల్లో బొగ్గు గనుల్లోకి దిగినవాళ్ళు లోపలే చిక్కుబడ్డారు. మన ఇళ్ళల్లో మాత్రం ఫాన్లు తిరిగాయి. అప్పట్లో మిగతా గ్రిడ్లతో మనకి గాజువాకలాంటి చోట్ల డి.సి. ముడి మాత్రమే ఉండేది, వియ్యాలవారితో మర్యాద మాటల్లాగ. ఒకే కుటుంబమయింది 2013 డిసెంబరు 31న.

ఇలా బరువుని తప్పనుకోవడానికి ఇంజనీర్లు పెట్టిన పేరు లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్. అంటే ఆక్రమణ! అడిగినంతా మోసినందుకు ఆ లైను మీద కబ్జా కేసు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓపిక తగ్గి చాకిరీ పెరిగిన ఇల్లాలు ఓ పూట విసుక్కుంటే "దీనికేదో అయింది, డాక్టరుకి చూపించండి" అంటారు. జబ్బెక్కడుందో వెతుకుతారు గానీ, పక్క లైనుని ఎవరు ఆపి ఉంచారని ఒక్కరూ అడగరు.

"కోణం చూస్తే తెలిసిపోతుందత్తయ్యా" అన్నాడు మావాడు. తప్పు జరిగితే కరెంటు వోల్టేజీకి బాగా వెనకబడుతుందిట. ఒట్టి బరువైతే రెండూ దాదాపు జంటగానే నడుస్తాయిట. ఆ తేడా కనిపెట్టి ఊరుకునే ఏర్పాటు కొత్త రిలేల్లో ఉందిట.

"అలాటిదొకటి మీ మావయ్యకి బిగించి పోరాదుట్రా?" అన్నాను.

వాడు నవ్వి, తాగిన కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించాడు.