సాగే గుడ్డకి జిగ్‌జాగ్ కుట్టు

"ఇంతకీ నువ్వక్కడ చేసే పనేంటే?" వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడూ అడిగే ప్రశ్నే. పీహెచ్‌డీలో చేరి నాలుగేళ్లయింది. "చెప్పినా నీకు అర్థం కాదులేమ్మా" అని ప్రతిసారీ తప్పించుకునేదాన్ని.

ఆ రోజు తప్పించుకునే ఓపిక కూడా లేదు. మూడు వారాలు కష్టపడి చేసిన శాంపిల్ పొద్దున్నే పాడైంది. అలా పాడవడం మూడోసారి. ఫెలోషిప్ చూస్తే ఇంకో ఎనిమిది నెలలే ఉంది. ఏడుపొక్కటే తక్కువ.

సరే, చెప్పడం మొదలుపెట్టా.

"ఫోన్ సిగ్నల్ తరంగాలు పొడవుగా ఉంటాయమ్మా. టీవీ రిమోట్ నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ చాలా పొట్టి. ఆ రెండిటి మధ్యలో ఉండేవి టెరాహెర్ట్జ్ తరంగాలు. 1 టెరాహెర్ట్జ్ అంటే సెకనుకి లక్ష కోట్ల ఊపులు. ఒక్కో అల పొడవు 0.3 మిల్లీమీటర్లు. బట్టల్లోంచి, కాగితంలోంచి దూరిపోతాయి. ఎక్స్‌రేలకున్నంత శక్తి వీటికి లేదు. నీళ్లు తగిలితే మాత్రం అంతే సంగతులు. గాల్లో తేమ కూడా మింగేస్తుంది. అందుకే నైట్రోజన్ నింపిన పెట్టెలో పెట్టి కొలుస్తాం."

"మరి నువ్వు చేసేది?"

"వాటిని అదుపు చేసే పల్చటి షీట్. రబ్బరులా సాగే సిలికోన్ పొర మీద బంగారంతో 'సి' అక్షరంలాంటి రింగులు. ఒక్కోటి తల వెంట్రుక మందమంత. చదరపు సెంటీమీటరుకి 10,000."

"బంగారమే!"

"అన్నీ కలిపినా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదులే. షీట్ సాగదీస్తే రింగులోని సందు పెరుగుతుంది. అప్పుడది అడ్డుకునే ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. రేడియో ట్యూన్ చేసినట్టన్నమాట. చిక్కేంటంటే సిలికోన్ సాగుతోంది, బంగారం సాగట్లేదు. ఎండిన చెరువులో నేలలా చిట్లిపోతోంది."

తెనాలిలో అమ్మ ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. క్షణం కూడా ఆలోచించలేదు.

"లెగ్గిన్ గుడ్డకి తిన్నగా కుట్టేస్తే, వేసుకుని కూర్చోగానే దారం పుటుక్కుమంటుంది. సాగే గుడ్డకి జిగ్‌జాగే వెయ్యాలి. గుడ్డ సాగితే వంపులు విచ్చుకుంటాయి, దారం తెగదు."

నాకు నోట మాట రాలేదు. నిజానికి ఇది నాకు తెలియని విషయం కాదు. సాగే సర్క్యూట్లలో లోహపు తీగల్ని వంపులుగా వేస్తారని పేపర్లలో చదివా, సెమినార్‌లో చెప్పా కూడా. నా రింగు చేతులు మాత్రం తిన్నగానే గీశా. లెక్కలు తేలికని!

అలాగని మర్నాటికే పనైపోలేదు. వంపులు పెడితే చెయ్యి పొడవు పెరిగి ఫ్రీక్వెన్సీ కిందకి పడిపోయింది. రింగుని చిన్నది చేసి సిమ్యులేషన్లన్నీ మళ్లీ నడిపా. ఆరు వారాలు పట్టింది.

కొత్త షీట్ సాగదీశా. స్క్రీన్ మీద గ్రాఫులోని గొయ్యి పక్కకి జరిగింది. వదిలా. మళ్లీ తన చోటికే వచ్చింది! ఇరవైసార్లు బాగానే ఉంది. యాభై దాటాక కొన్ని రింగులు వంపు దగ్గర చిట్లాయి. మైక్రోస్కోప్ ఫొటో అమ్మకి పంపా.

రాత్రికి వాయిస్ మెసేజ్: "మూల మరీ కోసుగా తిప్పావే. కాస్త గుండ్రంగా తిప్పి చూడు."

ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నా.