చెయ్యెత్తినోడు

సభలల్ల పాటగాని పేరు పోస్టరు మీద పడుతది. వెనక కోరస్‌ను పట్టి నడిపేటోని పేరు పడదు. పైదేశాల చర్చిలల్ల ఆ మనిషిని కండక్టర్ అంటరు. ఆయన ముందర సంగీతం రాసిన కాగితం ఉంటది, చేతికి గౌరవం ఉంటది. మా మిర్యాలగూడ దిక్కు కండక్టరంటే బస్సుల టికెట్లు కొట్టేటోడే. కానీ ఆ పని చేసే మనిషి మా మాదిగవాడలో ఎప్పటినుంచో ఉన్నడు.

మా మేనమామ పగలంత రైసుమిల్లుల బస్తాలు మోసి, రాత్రి డప్పుల జట్టు ముందు నిలబడేటోడు. కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. పది డప్పులు, ఇరవై చేతులు. దరువు మార్చాల్నంటే మామ నోరు తెరవడు, కనుబొమ్మ ఎగరేసి ఒక్క అడుగు పక్కకేస్తడు. పదిమంది ఒక్కసారే తిరుగుతరు. ఎవని డప్పు సల్లారిందో, మళ్ల మంటకు కాపాల్నో ఆయన చెవికి తెలుస్తది. ఎవడన్న దరువుల ఉరుకుతుంటే తిట్టేటోడు కాదు. వాని పక్కకు పోయి నిలబడి తను మెల్లగ కొట్టేటోడు.

ఆదివారం చర్చిల అదే మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంల పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటయి. అవి చదువొచ్చినోళ్లకు. అక్షరం రాని మా అమ్మమ్మలకు మామ ఒక్కొక్క చరణం అందిస్తే వాళ్లు అందుకునేటోళ్లు. ఊపిరి ఎక్కడ పీల్చాల్నో ఆయన చెయ్యి చెప్పేది. డప్పు మాత్రం గుమ్మం బయటనే. సముద్రం దాటొచ్చిన హార్మోనియంకు లోపల చోటుంది గని మన తోలుకు లేదు!

ఇక కాగితం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఎస్సీలన్నది. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు. క్రైస్తవులను కలపలే. చర్చిల పాట నడిపిస్తడని ఊరంతకు తెలిసిన మామ పిల్లలను బీసీ-సి అని రాసిన్రు. మా నాయిన బాప్తిస్మం తీసుకోలే కాబట్టి నేను ఎస్సీ. ఒకటే వాడ, ఒకటే డప్పు, ఒకటే అంటు. నాకు సూర్యాపేటల ఎస్సీ హాస్టల్ దొరికింది, డిగ్రీ అయింది, పంతులునైన. నాకంటె లెక్కలు బాగొచ్చిన మామ కొడుకు మిల్లుకు పోయిండు. అయినా మామ ఒక్క ఆదివారం గూడ వెనక్కి పోయి కూసోలే.

కోదాడ దగ్గర నేను పనిచేసిన ఒక బడిల ఆగస్టు 15 పాటలకు ఎవరు నేర్పాలన్న మాటొచ్చింది. ‘‘మీకు డప్పొస్తది గద సారూ, అది చూసుకోండి’’ అన్నడొకాయన. నలుగురు నవ్విన్రు. పాట పిల్లలకు రానేలేదు, ఆఖరుకు నాకే అప్పజెప్పిన్రు.

నలభై మంది. ముందు వరుస అరుస్తున్నది, వెనక వరుస నోరు తెరుస్తలేదు. వెనక ఉన్నది ఎవరి పిల్లలో మీకు చెప్పనక్కరలేదు. నేను పోయి వాళ్ల పక్కన నిలబడి చెయ్యెత్తిన. మూడోనాటికి గొంతులు లేచినయి. అండ్ల ఒక పిల్ల నా దిక్కు చూస్తలేదు, తొడ మీద వేళ్లతో దరువేసుకుంటున్నది. చుట్టుపక్కల పిల్లలు ఆమె వేళ్లను చూసే అందుకుంటున్నరు. తెల్లారి ఆమెను తీసుకొచ్చి అందరి ముందర నిలబెట్టిన.