ముగ్గురూ ఒకే గొంతుతో

ఇన్నాళ్ళుగా రాసిన కథల్ని సంపుటిగా వేద్దామని ఈ మధ్య పాత పత్రికల కటింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొదటి కథ దగ్గరే ఆగిపోయాను. 1988లో ఒక వారపత్రికలో వచ్చింది అది. అందులో ఉన్న ముగింపు నేను రాసింది కాదు. ఇల్లు వదిలొచ్చిన ఆమె చేత నేను రెండు పేజీలు మాట్లాడించాను. అచ్చులో ఆ రెండు పేజీలూ లేవు. ఆమె బస్టాండులో చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, అంతే. ఆ వాక్యం ఎడిటరుగారిది. నన్ను ఒక్క మాటయినా అడగలేదు. పాఠకుల ఉత్తరాలన్నీ ముగింపునే మెచ్చుకున్నాయి. "ఆ అమ్మాయిని తయారుచేసింది నేనే" అని ఆయన తర్వాత సభల్లో చెప్పుకునేవారని విన్నాను.

అదే ఏడు నేను హైదరాబాదులో వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో ఉండేదాన్ని. నా రూమ్మేట్ సికింద్రాబాదు అమ్మాయి. విదేశంలో ఉన్న వాళ్ళన్నయ్య పంపిన కేసెట్లు పొద్దస్తమానం మోగుతుండేవి. వాటిలో బనానరామా ఒకటి. ముగ్గురమ్మాయిలు, మూడు గొంతులు, ఒకటే వరుస. "వీళ్ళకేం పాడటం రాదే, వెనకున్న ముగ్గురు మగాళ్ళు వాయించి పెడితే వీళ్ళు ఎగురుతారు, అంతే" అంది రూమ్మేట్ ఒకరోజు, డాన్సు చేస్తూనే. నేనూ నమ్మేశాను. ఎందుకు నమ్మానో అప్పుడు ఆలోచించలేదు.

అక్కడ ప్రొడ్యూసరంటే మన సినిమాల్లోలా డబ్బు పెట్టే నిర్మాత కాదు. పాట ఎలా వినపడాలో నిర్ణయించేవాడు. ఏ వాద్యం, ఎంత వేగం, గొంతు ఎంత ముందుకి, ఎంత వెనక్కి అన్నీ అతని చేతిలో ఉంటాయి. మన సంగీత దర్శకుడికీ రికార్డింగు ఇంజినీరుకీ మధ్యలో ఎక్కడో ఉంటాడు. పత్రికలో ఎడిటరు ఎక్కడుంటాడో ఇంచుమించు అక్కడ.

సారా డాలిన్, కెరెన్ వుడ్‌వర్డ్ బ్రిస్టల్‌లో చిన్ననాటి స్నేహితులు. లండన్‌లో ఫ్యాషన్ జర్నలిజం చదువుతూ సారాకి షివాన్ ఫాహీ పరిచయమైంది. ముగ్గురికీ సంగీత శిక్షణ లేదు. వేర్వేరు శ్రుతుల్లో కలిపి పాడటం రాక ముగ్గురూ ఒకే వరుస అందుకునేవారు. ఆ రాకపోవడమే వాళ్ళ గుర్తయి కూర్చుంది. 1981లో మొదటి రికార్డుకి సాయం చేసింది సెక్స్ పిస్టల్స్ డ్రమ్మర్ పాల్ కుక్. ఆ తర్వాత టోనీ స్వెయిన్, స్టీవ్ జాలీ అనే ఇద్దరు ప్రొడ్యూసర్లతో చాలా ఏళ్ళు పనిచేశారు. 'క్రూయెల్ సమ్మర్' (1983) వాళ్ళతో చేసిందే. 1984లో వచ్చిన 'రాబర్ట్ డి నీరోస్ వెయిటింగ్' పైకి సినిమా హీరో మీద మోజులా వినిపిస్తుంది గానీ, దాని లోపల ఉన్నది అత్యాచారానికి గురై సినిమాల ఊహల్లో తలదాచుకునే అమ్మాయి. హాస్టల్లో మేం ఆ పాటకి చప్పట్లు కొట్టేవాళ్ళం. తెలిశాక చాలాసేపు మాట రాలేదు నాకు.

ఇక 'వీనస్' సంగతి. అది షాకింగ్ బ్లూ అనే డచ్ బృందం 1969లో పాడిన పాట. దాన్ని డాన్సు పాటగా చెయ్యాలన్న ఆలోచన ఈ ముగ్గురిదే. స్వెయిన్, జాలీ కుదరదన్నారు. 1985లో డెడ్ ఆర్ అలైవ్ బృందం పాటొకటి విని, ఆ మోత ఎవరిదో కనుక్కుని వీళ్ళే వెతుక్కుంటూ వెళ్ళారు మైక్ స్టాక్, మ్యాట్ ఎయిట్‌కెన్, పీట్ వాటర్‌మన్‌ల దగ్గరికి. వాళ్ళూ మొదట వెనకాడారు. 1986 సెప్టెంబరులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అంటే పాటను ఎంచుకున్నదీ, ప్రొడ్యూసర్లను ఎంచుకున్నదీ, పట్టుబట్టి సాధించుకున్నదీ పాడటం రాదనిపించుకున్న ఆ అమ్మాయిలే. పేరు మాత్రం వెనకున్న ముగ్గురు మగాళ్ళది! అన్యాయమే. కానీ ఆ మోత లేకపోతే పాట అంత దూరం వెళ్ళేదా? వెళ్ళేది కాదు. ఇక్కడే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

స్టాక్, ఎయిట్‌కెన్, వాటర్‌మన్‌ల స్టూడియోని హిట్ల ఫ్యాక్టరీ అనేవారు. పాట ముందే తయారుగా ఉంటే గాయని వచ్చి పాడి వెళ్ళిపోవడం అక్కడ మామూలు. కైలీ మినోగ్ వస్తున్న సంగతే మర్చిపోయి, ఆమె బయట కూర్చుని ఉండగా నలభై నిమిషాల్లో పాట రాసిచ్చారన్న కథ ప్రసిద్ధం. బనానరామా అలా బయట కూర్చోలేదు. రాసే గదిలోకే వెళ్ళారు. 1987 నాటి 'వావ్!' ఆల్బంలో దాదాపు అన్ని పాటలకీ రచయితలుగా ఆరు పేర్లుంటాయి. అందులో మూడు వీళ్ళవి. రచయితగా పేరుండటమంటే గౌరవం మాత్రమే కాదు, పాట మోగినప్పుడల్లా వాటా.

ఆ వాటా లేనివాళ్ళ గతి ఏమిటో రోనెట్స్‌ని చూస్తే తెలుస్తుంది. 1963లో ఫిల్ స్పెక్టర్‌తో ఒప్పందం చేసుకున్న ఆ ముగ్గురమ్మాయిలకి సుమారు 15 వేల డాలర్ల అడ్వాన్సు తప్ప రాయల్టీ అందలేదు. రోనీ అతన్నే పెళ్ళి చేసుకుని, 1972లో చెప్పులు కూడా లేకుండా ఆ ఇంట్లోంచి పారిపోయింది. ఆ పాటల్ని సినిమాలకీ ప్రకటనలకీ అమ్ముకునే హక్కు స్పెక్టర్‌దేనని 2002లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. సంతకం పెట్టినప్పుడు వాళ్ళకి ఇరవయ్యేళ్ళు అటూ ఇటూ. మనలో ఎంతమందిమి మొదటి పుస్తకం అగ్రిమెంటు చదివి సంతకం పెట్టాం?

'వావ్!' తర్వాత షివాన్ విసిగిపోయి 1988లో బయటికి వచ్చేసింది. ఆ పాటల్లో తను లేననిపించింది ఆమెకి. షేక్‌స్పియర్స్ సిస్టర్ అనే బృందం పెట్టుకుని 1992లో 'స్టే' పాటతో ఎనిమిది వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. (ఆ పాటలో ఎక్కువ భాగం పాడింది ఆమె జతగత్తె మార్సెల్లా డెట్రాయిట్. ఎవరి గొంతు ఎవరి పేరుకి అన్న గొడవ మగాళ్ళ దగ్గరే ఆగిపోదు మరి.) సారా, కెరెన్ ఉండిపోయారు. వేరే ప్రొడ్యూసర్ యూత్‌తో 1991లో 'పాప్ లైఫ్' చేశారు. అది ఆడలేదు. 1993లో మళ్ళీ స్టాక్, వాటర్‌మన్‌ల దగ్గరికే వెళ్ళారు.

ఇదివరకైతే వెళ్ళిపోయిన ఆమెదే ధైర్యం, ఉండిపోయినవాళ్ళది రాజీ అనేదాన్ని. మా రోజుల్లో కథలన్నీ అలాగే రాశాం. ఇల్లు వదిలిన ఆమె నాయిక, వదలని ఆమె బాధితురాలు. ఇప్పుడంత తేలిగ్గా అనలేను. ఉండిపోయిన ఆ ఇద్దరూ 2019లో 'ఇన్ స్టీరియో' ఆల్బంని తమ సొంత లేబుల్ మీద తెచ్చారు. దాని ప్రొడ్యూసర్ ఇయన్ మాస్టర్సన్ని తెచ్చుకున్నదీ వాళ్ళే. అప్పటికి దాదాపు అరవయ్యేళ్ళవాళ్ళు. 2017లో షివాన్ కూడా వచ్చి ముగ్గురూ బ్రిటన్ అంతా తిరిగి పాడారు. ఆ వీడియోలు చూశాను. గొంతులు కాస్త బొంగురుపోయినా, అదే వరుస.

సికింద్రాబాదులో ఉన్న రూమ్మేట్‌కి ఫోను చేసి ఇదంతా చెప్పాను. "పాడటం రాదని నేనన్నానా? నాకు గుర్తే లేదే" అంది. కాసేపాగి, "నీ కథలో ఆవిడ చిల్లర లెక్కపెట్టుకోవడం మాత్రం బాగా గుర్తుందే" అంది.

ఆ వాక్యం నాది కాదని చెప్పలేకపోయాను. కొట్టేసిన రెండు పేజీల రాతప్రతి ట్రంకుపెట్టెలో దొరికింది. చదివితే సగం ఉపన్యాసమే, సిగ్గేసింది. మిగతా సగంలో ఒక పేరా ఉంది. ఆమె తల్లికి ఉత్తరం రాయాలనుకుని, ఏం రాయాలో తెలియక కార్డు మీద చిరునామా మాత్రం రాసి ఊరుకుంటుంది. అది పోకుండా ఉండాల్సింది. చిల్లర వాక్యం ఉంచితే ముందుమాటలో ఆయన పేరు చెప్పాలి. ఆరు పేర్లలో తమ మూడూ రాయించుకున్నవాళ్ళు మిగతా మూడూ కొట్టెయ్యలేదు కదా. కానీ ఆయన నన్ను అడగలేదే?

డి.టి.పి. చేసే అమ్మాయి రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టి, "ఏది ఉంచమంటారు మేడమ్?" అని నిన్న మళ్ళీ ఫోను చేసింది. ఉత్తరం పేరా టైపు చేసి పంపాను. చిల్లర సంగతి రేపు చెప్తానన్నాను.