చివరి వరుస దాకా

ఏప్రిల్ 1, 2024, సోమవారం

మెదక్ లోక్‌సభ ఎన్నికకు మొదటి విడత శిక్షణ. సిద్దిపేటలో ఒక పెద్ద హాలు, మధ్యాహ్నం రెండు గంటలు, దాదాపు 300 మంది ప్రిసైడింగ్ ఆఫీసర్లు (పీఓలు), సహాయ ప్రిసైడింగ్ ఆఫీసర్లు (ఏపీఓలు). టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు, అన్నం తిని వచ్చి కూర్చున్నారు. నేను మాస్టర్ ట్రైనర్‌ని. తెర మీద స్లైడు మారుతోంది, నేను చదువుతున్నాను. ఆరో వరుస దగ్గర్నుంచి తలలు వాలిపోతున్నాయి. ఆ వెనకంతా సెల్‌ఫోన్ల వెలుగు. వాళ్లను తప్పుపట్టలేను. ఐదారు ఎన్నికలు చేసినవాళ్లకు తెరమీది అక్షరాలు చదివి వినిపించడం ఏం శిక్షణ?

బయటికొస్తుంటే మూడో వరుస మేడం ఆపింది. మూడు గంటలూ నోట్‌బుక్కులో రాసుకుంటూనే ఉన్న మనిషి. "సార్, వీవీప్యాట్ వైరు దేనికి పెట్టాలె?" అంది. ఆ సంగతి నేను రెండుసార్లు చదివాను, ఆమె రెండుసార్లు రాసుకుంది. చేత్తో ఒక్కసారీ పెట్టి చూడలేదు.

ఏప్రిల్ 3

మైకు గరగర. స్టేజి దిగి చివరి వరుస వెనక నిలబడి మాట్లాడాను. ముందున్నవాళ్లు కుర్చీలు తిప్పుకున్నారు. అంతే, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పోయింది.

ఏప్రిల్ 4

ఈరోజు స్లైడు పెట్టకుండా మొదలుపెట్టాను. "ఒకామె స్లిప్పు, గుర్తింపు కార్డు పట్టుకొని వచ్చింది. రిజిస్టర్‌లో చూస్తే ఆమె పేరు మీద ఎవరో అప్పటికే ఓటేసి పోయిండ్రు. మీరే పీఓ. ఏం జేస్తరు? నాకు చెప్పొద్దు, రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోండి."

హాలు సంతయింది. ఇక చేతికి చిక్కరేమోనని నాకు గుండె దడ. రెండు నిమిషాలయ్యాక చేతులెత్తించాను. వెనక్కి పంపిస్తామన్నవాళ్లు కొందరు, మిషన్‌లోనే మళ్లీ వేయిస్తామన్నవాళ్లు చాలామంది, మిగతావాళ్లు టెండర్డ్ బ్యాలెట్ అన్నారు. తప్పు చెప్పినవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువ. ఒక హెడ్మాస్టరు గారు లేచి "మిషన్ ఉండంగ కాగితం మీద ఓటేంది?" అని గట్టిగా వాదించారు. మూల నుంచి ఒక కుర్ర కార్యదర్శి జవాబిచ్చాడు: ప్రశ్నలడిగి ఆమె ఆమేనని తేల్చుకోవాలి, బ్యాలెట్ పేపరివ్వాలి, 17బీ ఫారంలో రాయించి సంతకం తీసుకోవాలి, ఆ ఓటు విడిగా కవర్లో పెట్టాలి, మిషన్ జోలికి పోవద్దు. ఆ తర్వాత నేను చెప్పడానికేం మిగల్లేదు. హెడ్మాస్టరు గారు కూర్చొని రాసుకున్నారు. ఆ పది నిమిషాలు ఒక్క ఫోనూ వెలగలేదు.

తప్పు జవాబు నోటితో చెప్పినాకే సరైనది వినబుద్ధవుతుంది. మనకు తెలుసనుకున్నంతసేపు చెవి మూసుకునే ఉంటుంది.

ఏప్రిల్ 9, ఉగాది

చేర్యాల పోయి, కథాపటాలు గీసే నకాశీవాళ్లింట్లో పటం చూశాను. కూనపులివాళ్లు నేత నేసే పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం మీదనే. వెడల్పు మూడు అడుగులు, పొడవు గజాలకొద్దీ. మొత్తం ఒక్కసారే విప్పరు. ఒక బొమ్మ, దాని కథ, అది అయినాకే రెండోది. పగలంతా మగ్గం గుంటలో కాళ్లాడించి అలసినవాళ్లు రాత్రుళ్లు మేలుకొని విన్నారంటే, అది వాళ్ల సొంత కథ కాబట్టి. 'ఊ' కొట్టేవాళ్లు లేకపోతే కథ చెప్పేవాడి నోరూ ఆడదు.

రాత్రి కూర్చొని నా 92 స్లైడ్లలో 70 తీసేశాను.

ఏప్రిల్ 18

సొంత కథ అంటే దూబగుంట ఊరు గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో పెద్దవాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారాతో చితికిన బతుకుల కథ. అది చదివిన ఆడవాళ్లు అది తమ ఇంటి సంగతేనని మాట్లాడుకున్నారు, 1990ల మొదట్లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. పాఠం అక్షరాల దగ్గర ఆగలేదు.

ఏప్రిల్ 27

గదికి 40 మంది, టేబుల్ మీద మిషన్. బ్యాలెట్ యూనిట్ వైరు వీవీప్యాట్‌కు, వీవీప్యాట్ వైరు కంట్రోల్ యూనిట్‌కు. ప్రతి ఒక్కరూ పెట్టాల్సిందే, తీయాల్సిందే. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ఒక సారు వేలు కొంచెం వణుకుతుండగా నీలం బటన్ నొక్కారు. అద్దం వెనక స్లిప్పు ఏడు సెకన్లు వెలిగింది, తెగి డబ్బాలో పడింది, బీప్ మోగింది. ఆయన తల ఇంకా వంచే ఉన్నారు. "ఇన్ని ఎలచ్చన్లు జేసిన. తెగి పడుడు గింత దగ్గర ఎన్నడు సూడలే."

అప్పుడే చెప్పాలనిపించి నా సంగతి చెప్పాను. 2018 డిసెంబరు 7, నేను పీఓ. పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసే మాక్ పోల్ 50 ఓట్లు అయిపోయాయి. సంతకాల హడావిడిలో ఆ ఓట్లు చెరిపే క్లియర్ బటన్ నొక్కడం మరిచాను. ఆకుపచ్చ పేపర్ సీలు చేతిలో ఉంది, తలుపు దగ్గర వరుసలో మొదట ఒక ముసలవ్వ. ఒక ఏజెంటు "సార్, టోటల్ ఒకసారి చూపెట్టుండ్రి" అన్నాడు. నొక్కాను. 50. ఒళ్లు చల్లబడింది.

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు, ఇంకొకరు, తమ తమ పోలింగ్ బూత్‌లలో జరిగినవి బయటపెట్టారు. ఏ హ్యాండ్‌బుక్కులోనూ అంత శిక్షణ దొరకదు.

మే 4

రెండో విడత. మాక్ పోల్ అయినాక నొక్కే బటన్ల వరుస: నేను "క్లోజ్" అంటే వాళ్లు "రిజల్ట్", అందరం కలిసి "క్లియర్". వంతపాటలాగా హాలు మోగింది, నాకు సంబరమేసింది. నోట్‌బుక్కు మేడం చెయ్యెత్తింది. "సార్, ఇట్లనే నోటికొచ్చి సాయంత్రం పోలింగ్ అయినాక గూడ ఎవరన్న క్లియర్ కొడితే?"

నేను ఆలోచించని ప్రశ్న. హాలుకే వదిలేశాను. చాలాసేపటికి వెనక నుంచి జవాబొచ్చింది: సాయంత్రం క్లోజ్ ఒక్కటే. రిజల్ట్, క్లియర్ బటన్లు సీలు వేసిన అర లోపలుంటాయి, ముట్టుకోవాలన్నా చెయ్యి పోదు. ఆకుపచ్చ సీలును అప్పటిదాకా కాగితమంటించే పనిగానే అనుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడం అడగకపోతే నా పాట సగం నేర్పేది, సగం చెరిపేది.

మే 12

సామగ్రి పంపిణీ. షామియానా కింద ఉక్కపోత. పోలింగ్ టీములు నేలమీద కూర్చొని ట్యాగుల నంబర్లు సరిచూసుకుంటున్నాయి. ఏప్రిల్ 1న ఎనిమిదో వరుసలో గురకపెట్టిన ఏపీఓ కనిపించాడు. కొత్తగా డ్యూటీ పడ్డ ఇద్దరు ఇతర పోలింగ్ అధికారులను (ఓపీఓలను) ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఒకామె వొచ్చింది అనుకో. ఆమె ఓటు ఎవరో ఏసి పోయిండ్రు. నువ్వైతే ఏం జేస్తవ్? నాకు జెప్పకు, ముందు మీరిద్దరు మాట్లాడుకోండ్రి."